సీప్యాప్ మిషన్ ఇంటికొచ్చాక దాన్ని అలవాటు చేసుకోవడం ఎలా?

నాకు స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో మాటిమాటికీ ఊపిరి ఆగే జబ్బు. దానికి డాక్టరు రాసిచ్చిందే సీప్యాప్, పడుకునేటప్పుడు మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే మిషన్. దాన్ని తెచ్చిన కుర్రాడు పది నిమిషాల్లో పని ముగించాడు. "ఇది స్విచ్చు సార్, ఇందులో నీళ్లు, మాస్కు ఇలా తగిలించుకోండి, ఏమైనా ఉంటే ఫోన్ చేయండి" అని చెప్పి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. ఆ రాత్రి పదిన్నరకి మాస్కు పెట్టుకున్నాను. పదీ యాభైకి పీకి పక్కన పడేశాను. మర్నాడు పావుగంట కూడా ఓర్చుకోలేదు. మూడో రోజు మిషన్ పెట్టెతో సహా అల్మరా ఎక్కింది. దాన్ని మళ్లీ కిందికి దించడానికి మూడు వారాలు పట్టింది, అదీ డాక్టరు గట్టిగా కేకలేశాక.

నా తప్పు ఎక్కడుందో తర్వాత అర్థమైంది. ముఖానికి ఎప్పుడూ ఏదీ కట్టుకోని మనిషిని, తీరా నిద్ర ముంచుకొచ్చే వేళ చీకట్లో దాన్ని కట్టుకుని పడుకోబోయాను. మాస్కుతో కుస్తీ పట్టాల్సింది రాత్రి కాదు. పగటిపూట, కుర్చీలో కూర్చుని, లైటు వెలుగులో పట్టాలి. రాత్రికి అది పాత వస్తువై ఉండాలి. కింద రాసేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా రెండు అపోహలు

ఇంటికొచ్చిన వాళ్లు మిషన్ చూడగానే "అయ్యో, ఆక్సిజన్ పెట్టారా?" అంటారు. ఇది ఆక్సిజన్ కాదు. మీ గదిలో ఉన్న మామూలు గాలినే ఫిల్టర్‌లోంచి లాగి, కొంచెం ఒత్తిడితో పంపిస్తుంది. నిద్రలో గొంతు వెనక కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది కదా, ఆ దారి మూసుకోకుండా ఈ గాలి లోపలినుంచి దన్నుగా నిలబడుతుంది. అంతకు మించి అది చేసేదేమీ లేదు.

రెండోది, "ఒకసారి అలవాటైతే ఇక మానలేవు" అనే మాట. కళ్లజోడు గురించి కూడా పూర్వం ఇలాగే అనేవాళ్లు. మిషన్ మానేస్తే మునుపున్న గురక, మునుపున్న ఊపిరి ఆగడం తిరిగొస్తాయి, కొత్త జబ్బేమీ రాదు.

ఈ వైద్యాన్ని సిడ్నీలో కొలిన్ సల్లివాన్ అనే డాక్టరు కనిపెట్టి 1981లో ప్రచురించారు. తొలి రోజుల్లో రోగులు రోజూ రాత్రి మాస్కును ముక్కుకి జిగురుతో అంటించుకునేవారు. పట్టీలు కొరుకుతున్నాయని నేను సణిగినప్పుడల్లా ఆ జిగురు గుర్తు తెచ్చుకుంటాను.

మీ స్లీప్ స్టడీ (నిద్రలో ఊపిరి ఎలా ఉందో చూసే పరీక్ష) రిపోర్టు ఒకసారి బయటికి తీయండి. అందులో ఏహెచ్ఐ అని ఒక అంకె ఉంటుంది. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా బాగా తగ్గింది అనే లెక్క అది. కనీసం 10 సెకన్లు ఆగితేనే ఒకటిగా లెక్కిస్తారు. 5 నుంచి 15 అయితే తక్కువ స్థాయి, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. నాది 38. అంటే సగటున నిమిషంన్నరకొకసారి. ఆ అంకెను ఒక కాగితం మీద రాసి మిషన్ పక్కన అంటించుకున్నాను. మాస్కు పీకేయాలనిపించిన రాత్రుల్లో నాకు అదే ఎక్కువ పనిచేసింది.

మంచం పక్కన ఏర్పాటు

మిషన్‌ను మంచం ఎత్తులో గానీ, అంతకంటే కాస్త కిందగానీ పెట్టాలి. చిన్న స్టూలు చాలు. తలకంటే ఎత్తులో షెల్ఫు మీద పెడితే, గొట్టంలో చేరిన నీటి చుక్కలు నేరుగా మీ ముక్కు మీదికి జారతాయి. గాలి లాక్కునే వైపు కర్టెన్, దుప్పటి తగలకుండా చూడండి. దోమల కాయిల్, అగరొత్తులు ఆ గదిలో వద్దు. వాటి పొగను మిషన్ లాగి మీకే పంపిస్తుంది. దోమతెర కట్టుకునేవాళ్లు గొట్టాన్ని తెర కింది అంచులోంచి లోపలికి తీసుకుంటే సరిపోతుంది.

గొట్టం తలవైపు నుంచి, మంచం తలాపి మీదుగా రావాలి. పక్కకి తిరిగినప్పుడు అది కూడా మీతో పాటు తిరిగేంత వదులు ఉండాలి.

ఇక నీళ్లు. తేమనిచ్చే డబ్బాలో డిస్టిల్డ్ వాటరే పోయాలని కంపెనీలు చెబుతాయి. మన బోరు నీళ్లు పోస్తే వారం తిరిగేసరికి డబ్బా అడుగున తెల్లటి సున్నం పేరుకుంటుంది. ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. మన ఇళ్లలో ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే నీళ్ల డబ్బా మీద కూడా "డిస్టిల్డ్ వాటర్" అనే ఉంటుంది. అది బ్యాటరీ కోసం తయారుచేసింది, ఊపిరితో లోపలికి పీల్చడానికి కాదు. మెడికల్ షాపులో అడిగి తీసుకోండి. గీత దాటి పోయకండి. మిగిలిన నీళ్లు పొద్దున్నే పారబోయండి. రోజూ కొత్తవే పోయాలి. మిషన్‌ను అటూ ఇటూ జరపాలంటే ముందు నీళ్ల డబ్బా బయటికి తీయాలి. నీళ్లతో వంచితే అవి మోటారులోకి పోతాయి.

మాస్కు: సగం యుద్ధం ఇక్కడే

మాస్కుల్లో మూడు రకాలున్నాయి. ముక్కు రంధ్రాల దగ్గర చిన్న బుడిపెల్లా ఆనేది ఒకటి, ముక్కును మాత్రం కప్పేది ఒకటి, ముక్కూ నోరూ రెండింటినీ కప్పే పెద్దది ఒకటి. డీలర్లు చాలామంది చేతిలో ఉన్న పెద్దదాన్ని అంటగడతారు. మీరు ముక్కుతో సాఫీగా ఊపిరి తీసుకోగలిగితే ముందు ముక్కు మాస్కు అడగండి. ముఖం మీద బరువు తక్కువ, లీకు తక్కువ, ఊపిరాడదేమోనన్న భయమూ తక్కువ. నోరు తెరిచి పడుకునేవాళ్లకి, ముక్కు ఎప్పుడూ దిబ్బడగా ఉండేవాళ్లకి పెద్దది అవసరం పడవచ్చు.

కొన్ని మాస్కుల క్లిప్పుల్లో చిన్న అయస్కాంతాలుంటాయి. మీకు గానీ, పక్కన పడుకునేవాళ్లకి గానీ పేస్‌మేకర్ లాంటి పరికరం శరీరంలో ఉంటే ముందే చెప్పి, అయస్కాంతం లేనిది తీసుకోండి.

మీసం దట్టంగా ఉన్నవాళ్లకి ముక్కు కిందనుంచి గాలి కారుతుంది. మీసం తీయాల్సిన పనిలేదు, బుడిపెల మాస్కు పెట్టి చూడండి. మా అక్కది ఇంకో కథ. రాజమండ్రిలో ఉంటుంది, నాకంటే ఏడాది తర్వాత ఆమెకూ ఇదే జబ్బు తేలింది. పది రోజులు పోరాడినా ఎడమవైపు లీకు ఆగలేదు. వీడియో కాల్‌లో చూస్తే తెలిసింది, కుషన్ (మాస్కులో ముఖానికి ఆనే మెత్తటి సిలికాన్ భాగం) అంచు సరిగ్గా ముక్కుపుడక మీద కూర్చుంటోంది. ముప్పై ఏళ్లుగా తీయని ముక్కుపుడక. తీయనంది. చివరికి రాయి పైకి పొడుచుకొచ్చే పుడక మార్చి, చర్మానికి అతుక్కుపోయే పల్చటిది పెట్టించుకుంది. లీకు ఆగింది. రాత్రిపూట జడ ముడి తల వెనక మధ్యలో కాకుండా కిందికి వేసుకుంటే పట్టీలు జారవని కూడా ఆమే కనిపెట్టింది.

తలకి నూనె రాసుకునే అలవాటుంటే పొద్దునకి మార్చుకోండి. నూనె, ముఖానికి రాసుకునే క్రీము సిలికాన్‌ను పాడుచేస్తాయి, పైగా మాస్కు జారుతుంది. పడుకునే ముందు సబ్బుతో ముఖం కడిగి, ఆరనిచ్చి పెట్టుకోండి.

ఇప్పుడు పట్టీలు బిగించడం గురించి. అందరూ పొరపాటు చేసేది ఇక్కడే. కూర్చుని, మిషన్ ఆపి ఉన్నప్పుడు మాస్కు సరిచేసుకుంటారు. పడుకోగానే బుగ్గలు పక్కకి జారతాయి, ముఖం ఆకారమే మారుతుంది. అందుకే మిషన్ ఆన్ చేసి, మీరు రోజూ పడుకునే తీరులో పడుకుని సరిచేసుకోవాలి. గాలి కారుతోందని ఇంకా బిగించకండి. కుషన్‌ను వేళ్లతో పట్టుకుని చూడండి, చాలావాటిలో రెండు పొరలు కనిపిస్తాయి. ముఖం వైపు ఉండే పల్చటి పొర గాలికి ఉబ్బి ముఖానికి అతుక్కోవాలి. పట్టీ లాగి బిగిస్తే ఆ పొర నలిగి ముడతలు పడుతుంది, గాలి ఆ ముడతల్లోంచే బయటికి పోతుంది. అప్పుడు ఇంకా బిగిస్తారు, పొద్దునకి ముక్కు మీద ఎర్రటి పుండు. దానికి బదులు పట్టీలు కొద్దిగా వదులుచేసి, మాస్కును ముఖం మీదినుంచి ఒక్క అంగుళం ముందుకు లాగి వదలండి. గాలి నింపుకుని అదే సర్దుకుని కూర్చుంటుంది. ఆ తర్వాత రెండువైపులా సమానంగా, కారడం ఆగేంతవరకే బిగించండి.

మాస్కు ముందు భాగంలో సన్నటి రంధ్రాల్లోంచి గాలి బుస్సుమంటూ వస్తుంటుంది. అది లీకు కాదు. మీరు వదిలిన గాలి పోయే దారి అది. దుప్పటి కప్పినా, వేలు పెట్టినా ప్రమాదం.

పగటి సాధన

ఒక్కో మెట్టుకి ఒకటి నుంచి మూడు రోజులు తీసుకోండి. తొందరేమీ లేదు, కానీ రోజు తప్పించకండి.

1. మాస్కుకి గొట్టం తగిలించకుండా, పట్టీలు కూడా వేసుకోకుండా చేత్తో ముక్కుకి ఆనించుకుని కూర్చోండి. టీవీలో సీరియలో క్రికెట్టో పెట్టుకోండి. ఐదు నిమిషాలు. ఇబ్బందైతే తీసేయండి, మళ్లీ పెట్టండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీయగలనన్న నమ్మకం ముందు మీ చేతికి రావాలి.

2. పట్టీలు వేసుకుని 20 నిమిషాలు. గొట్టం ఇంకా వద్దు. ఇంట్లో తిరగండి, పేపరు చదవండి. మా మనవడు నన్ను ఇలా చూసి "తాతయ్య వినాయకుడయ్యాడు" అన్నాడు. నవ్వనివ్వండి. ఇంట్లోవాళ్ల కళ్లకీ అది అలవాటు కావాలి.

3. కుర్చీలోనే కూర్చుని మిషన్ ఆన్ చేసి, గాలి వస్తుండగా మాస్కు ముఖానికి పెట్టుకోండి. గొట్టం తగిలించి ఉండగా మిషన్ ఆపి మాస్కు పెట్టుకోవద్దు, వదిలిన గాలినే మళ్లీ పీల్చాల్సి వస్తుంది, ఉక్కిరిబిక్కిరవుతారు. నోరు మూసి, ముక్కుతో నెమ్మదిగా పీల్చి నెమ్మదిగా వదలండి. ముక్కు మాస్కు అయితే ఒకసారి కావాలనే నోరు తెరిచి చూడండి. గాలి నోట్లోంచి జోరుగా తన్నుకొస్తుంది, మాట కూడా రాదు. నోరు మూయగానే ఆగిపోతుంది. ఈ సంగతి పగలే తెలిస్తే, రాత్రి అలా జరిగినప్పుడు కంగారు పడరు.

4. మధ్యాహ్నం భోజనమయ్యాక కునుకు తీసే వేళ మాస్కుతో పడుకోండి. అరగంట చాలు. నిద్ర పట్టకపోయినా పర్వాలేదు.

5. కునుకు ఒక్కసారి పట్టాక ఇక రాత్రికి మొదలుపెట్టండి.

మూసేసినట్టుగా ఉంటే భయపడేవాళ్లు, లిఫ్టు ఎక్కాలన్నా టెన్షన్ పడేవాళ్లు ఒకటో మెట్టులోనే వారం ఉన్నా నష్టం లేదు. గుండె దడ వచ్చేంత భయముంటే డాక్టరుకి చెప్పండి, దానికీ సాయం ఉంది. చాలామంది డీలర్లు నెలవారీ అద్దెకు కూడా మిషన్ ఇస్తారు. కొనే ముందు ఈ సాధనంతా అద్దె మిషన్‌తో చేసుకోవడం తెలివైన పని. పాత మిషన్ కొనేవాళ్లు మాత్రం మోడల్ నంబరు ఇంటర్నెట్‌లో చూసుకోండి. చప్పుడు తగ్గించడానికి లోపల పెట్టిన ఫోమ్ చెడిపోతోందని 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ తన మిషన్లు చాలావాటిని వెనక్కి పిలిచింది. వాటిలో కొన్ని సెకండ్‌హ్యాండ్‌లో చేతులు మారుతున్నాయేమో చూసుకోవాలి.

మొదటి రాత్రులు

ర్యాంప్ అని ఒక బటన్ ఉంటుంది. గాలి తక్కువ ఒత్తిడితో మొదలై, మీరు నిద్రలోకి జారుకునేలోగా నెమ్మదిగా పెరుగుతుంది. మొదట్లో 20 నుంచి 30 నిమిషాలు పెట్టుకుంటే చాలామందికి హాయి. కానీ దీనికి ఇంకో వైపుంది. మిషన్లు మామూలుగా 4 దగ్గర మొదలవుతాయి (ఇది నీటిమట్టం సెంటీమీటర్లలో చెప్పే ఒత్తిడి, పైన 20 దాకా వెళుతుంది). కొందరికి ఆ 4 దగ్గరే "గాలి చాలట్లేదు" అనిపిస్తుంది. నాకూ అంతే. ఒత్తిడి ఎక్కువై ఇబ్బంది పడుతున్నానని నేను అనుకున్నాను, నిజానికి తక్కువై ఇబ్బంది పడుతున్నాను. డాక్టరు మొదలయ్యే అంకెను 6 చేశాక ఆ ఆయాసం పోయింది. మీకు ఉక్కిరిబిక్కిరిగా ఉంటే "ఎక్కువైందా, తక్కువైందా" అని గమనించి, ఆ మాటే డాక్టరుకి చెప్పండి.

ఊపిరి వదిలేటప్పుడు గాలికి ఎదురు ఊదినట్టు ఉంటే, వదిలే వేళ ఒత్తిడి కాస్త తగ్గించే సెట్టింగు చాలా మిషన్లలో ఉంది. అడిగి ఆన్ చేయించుకోండి.

అరగంట దాటినా నిద్ర రాకపోతే మంచం మీద పొర్లుతూ కోపం పెంచుకోకండి. లేచి, మాస్కు తీసి, హాల్లో పదిహేను నిమిషాలు కూర్చుని రండి. ఫోన్ చూడకండి. మళ్లీ పెట్టుకోండి. మంచమంటేనే యుద్ధం అని మెదడు నేర్చుకోకుండా ఉండాలి.

బాత్రూమ్‌కి లేచినప్పుడు మాస్కు మొత్తం తీయకండి. గొట్టం మాస్కుకి తగిలే చోట చిన్న జాయింటు ఉంటుంది, దాన్ని ఊడదీసి వెళ్లి, వచ్చి మళ్లీ తగిలించుకోవడమే. పూర్తిగా తీస్తే నిద్రమత్తులో మళ్లీ పెట్టుకోబుద్ధి కాదు. మాస్కు అలవాటయ్యాక ఈ బాత్రూమ్ ప్రయాణాలే తగ్గుతాయి. ఊపిరి ఆగినప్పుడల్లా శరీరం మూత్రం ఎక్కువ తయారుచేస్తుంది. నేను రాత్రికి మూడుసార్లు లేచేవాణ్ని, షుగరేమోనని రెండుసార్లు పరీక్ష చేయించుకున్నాను. ఇప్పుడు ఒకసారి, కొన్ని రోజులు అదీ లేదు.

తెల్లవారుజామున రెండింటికో మూడింటికో మాస్కు తీసేసి "నాలుగు గంటలు పెట్టుకున్నాగా, చాలు" అనుకునేవాళ్లున్నారు. ఈ నాలుగు గంటల లెక్క అమెరికా నుంచి వచ్చింది. అక్కడ మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) డబ్బు కట్టాలంటే మొదటి మూడు నెలల్లో, వరుసగా ఏదో ఒక 30 రోజుల్లో 70 శాతం రాత్రులు కనీసం 4 గంటలు వాడి ఉండాలి. అది బిల్లు కట్టడానికి పెట్టుకున్న గీత. కలలొచ్చే నిద్ర ఎక్కువగా తెల్లవారుజామునే ఉంటుంది. చాలామందికి ఊపిరి ఎక్కువసార్లు, ఎక్కువసేపు ఆగేది కూడా అప్పుడే. సగం రాత్రికి తీసేస్తే అసలు అవసరమైన సగం వదిలేసినట్టు. కాబట్టి మొదటి వారం రెండు గంటలు, తర్వాత మూడు, నాలుగు అంటూ పెంచుకుంటూ పోయి, రెండు నెలల్లో నిద్రపోయినంతసేపూ పెట్టుకునేలా చూడండి.

వచ్చే ఇబ్బందులు, వాటి మందులు

నిద్రలో తెలియకుండా తీసేయడం. పొద్దున చూస్తే మాస్కు దిండు కింద ఉంటుంది, ఎప్పుడు తీశామో గుర్తుండదు. ఇది చాలామందికి జరుగుతుంది. మాస్కు ఊడితే కూతపెట్టే అలారం కొన్ని మిషన్లలో ఉంది, ఆన్ చేయండి. లేదంటే పక్కనున్నవాళ్లకి చెప్పండి. మా ఆవిడకి బుస్సుమనే చప్పుడు ఆగి గురక మొదలవగానే మెలకువ వచ్చేది, మోచేత్తో పొడిచేది. అది అలారం కంటే బాగా పనిచేసింది.

నోరు ఎండిపోవడం. ముక్కు మాస్కుతో నోరు తెరుచుకుంటే గాలంతా అందులోంచి పోతుంది. ముందు తేమ అంకె పెంచండి. తగ్గకపోతే గడ్డం కింద కట్టే పట్టీ, అదీ కుదరకపోతే పెద్ద మాస్కు. నోటికి టేపు అంటించుకునే చిట్కాలు వీడియోల్లో చూసి మీ అంతట మీరు చేయకండి.

ముక్కు దిబ్బడ. కాచి చల్లార్చిన నీళ్లతో ఉప్పునీటి ముక్కు కడుగుడు పడుకునే ముందు బాగా పనిచేస్తుంది. మెడికల్ షాపులో దిబ్బడకి ఇచ్చే చుక్కల మందు మాత్రం మూడు నాలుగు రోజులు దాటి వాడితే ముక్కు ఇంకా మూసుకుపోతుంది. నెలంతా దిబ్బడ ఉండేవాళ్లు ఈఎన్‌టీ డాక్టరుని కలవాలి.

గొట్టంలో గుడగుడ. ఏసీ 20 దగ్గర పెట్టి, తేమ అంకె పైకి పెట్టారనుకోండి. వెచ్చటి తేమగాలి చల్లటి గొట్టంలో నీళ్లవుతుంది. రాత్రి మూడింటికి హుక్కా పీల్చినట్టు చప్పుడు, వెంటనే ముక్కు మీద చల్లటి చుక్క. మొదటిసారి నేను ముక్కు కారుతోందనుకున్నాను. ఏసీని 25కి తెచ్చాం. మా ఆవిడ పాత నూలుచీర చింపి గొట్టానికి పొడుగ్గా తొడుగు కుట్టింది, లంగా బొందు తాడు వేసి మరీ. ఆ తర్వాత చుక్క పడలేదు. వేడిచేసే గొట్టాలు కూడా అమ్ముతారు, కొనే ముందు గుడ్డ తొడుగు చూడండి. విశాఖ, కాకినాడ వైపు వానాకాలంలో గాలిలోనే బోలెడు తేమ, అంకె ఒకటో రెండో చాలు. హైదరాబాద్‌లో ఏప్రిల్ నెల ఏసీ గదిలో అదే అంకె పెడితే గొంతు పిడచగడుతుంది. కాలాన్ని బట్టి మార్చుకుంటూ ఉండండి.

కడుపు ఉబ్బరం, తేన్పులు. గాలి పొట్టలోకి మింగుతున్నారన్నమాట. రాత్రి భోజనం పెందలాడే ముగించండి, పక్కకి తిరిగి పడుకోండి. అయినా తగ్గకపోతే ఒత్తిడి అంకెలు డాక్టరు సవరించాలి.

కళ్లు మంట. మాస్కు పై అంచులోంచి గాలి కళ్లలోకి పోతోంది. పైన చెప్పినట్టు మాస్కు లాగి వదిలి సర్దండి, సైజు పెద్దదేమో చూడండి.

ఒకేసారి మాస్కు, తేమ, ర్యాంప్ మూడూ మార్చకండి. దేనివల్ల బాగైందో, దేనివల్ల చెడిందో తెలియదు. ఒకటి మార్చి, మూడు రాత్రులు చూసి, తర్వాత ఇంకొకటి.

అంకెలు చూడటం

మిషన్ తెరమీద గానీ, ఫోన్ యాప్‌లో గానీ పొద్దున్నే మూడు విషయాలు కనిపిస్తాయి: ఎన్ని గంటలు వాడారు, లీకు ఎంత, ఏహెచ్ఐ ఎంత. ఏహెచ్ఐ 5 లోపు ఉంటే మంచిది. ఒక రాత్రి 7 వచ్చిందని కంగారు పడకండి, వారం సగటు చూడండి. లీకు ఎక్కువున్న రాత్రి ఏహెచ్ఐ అంకెను నమ్మలేం, ముందు లీకు సంగతి చూడాలి. పిల్లలు వేరే దేశంలో ఉంటే యాప్ వాళ్ల ఫోన్‌లో కూడా పెట్టుకుని చూస్తుంటారు, బాగానే ఉంటుంది. కానీ రోజూ పొద్దున "నాన్నా, నిన్న మూడు గంటలేనా?" అని ఫోన్ చేస్తే పెద్దవాళ్లకి మిషన్ మీదే విసుగొస్తుంది. వారానికొకసారి చాలు.

ఒత్తిడి అంకెలు మార్చే రహస్య మెనూ ఎలా తెరవాలో చూపించే వీడియోలు బోలెడున్నాయి. తేమ, ర్యాంప్ మీ ఇష్టం. ఒత్తిడి జోలికి మాత్రం డాక్టరుని అడక్కుండా పోకండి.

మాస్కు సరిగ్గా ఉన్నా వారాల తరబడి ఏహెచ్ఐ 5 పైనే ఉంటే, పొద్దున తలనొప్పి తగ్గకపోతే, పగలు బండి నడుపుతూ కళ్లు మూతలు పడుతుంటే, ముక్కునుంచి తరచూ రక్తం వస్తుంటే డాక్టరుని కలవండి. పగటి మత్తు తగ్గేదాకా బండి స్టీరింగ్ ఇంకొకరికి ఇవ్వండి. వాంతులవుతున్న రాత్రి ముక్కూ నోరూ కప్పే మాస్కు పెట్టుకోవద్దు. బరువు బాగా తగ్గినా, పెరిగినా ఒత్తిడి మళ్లీ చూడాలి. బరువు తగ్గామని మీ అంతట మీరు మిషన్ మానకండి, మళ్లీ పరీక్ష చేసి చెబుతారు.

కడగడం

రోజూ కుషన్‌ను తడిగుడ్డతో తుడవండి, లేదా తేలికపాటి సబ్బు నీళ్లతో కడగండి. వారానికొకసారి గొట్టం, పట్టీలు, నీళ్ల డబ్బా గోరువెచ్చటి సబ్బు నీళ్లలో కడిగి నీడలో ఆరబెట్టండి. ఎండలో వేస్తే సిలికాన్ పసుపెక్కి గట్టిపడుతుంది. డెట్టాల్, బ్లీచింగ్, స్పిరిట్ వద్దు. ఓజోన్‌తో శుభ్రం చేస్తామనే పెట్టెలు అమ్ముతారు, వాటికి తన అనుమతి లేదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో హెచ్చరించింది. డబ్బా అడుగున సున్నం పడితే వెనిగర్ కలిపిన నీళ్లు అరగంట ఉంచి కడగండి. ఫిల్టర్ నెలకొకసారి చూడండి. మన రోడ్ల దుమ్ముకి నాది నెలకే బూడిదరంగులోకి మారుతుంది.

కరెంటు పోతే, ఊరెళ్తే

నిద్రలో కరెంటు పోతే ఊపిరాడక పోతామేమో అనే భయం చాలామందికి. పెద్ద మాస్కులో దానికోసమే ఒక కవాటం ఉంటుంది. గాలి ఆగగానే తెరుచుకుని బయటి గాలి రానిస్తుంది. ముక్కు మాస్కు అయితే నోటితో పీల్చుకుంటారు. మామూలుగా మెలకువే వస్తుంది. ఇన్వర్టర్ ఉంటే మిషన్ ప్లగ్గు ఆ లైనులోనే పెట్టించుకోండి, సైన్ వేవ్ రకమైతే మేలు. కరెంటు ఎక్కువగా తినేది మోటారు కాదు, నీళ్లు వేడిచేసే భాగం. కోతలు ఎక్కువున్న రాత్రి తేమ ఆపేస్తే బ్యాటరీ చాలా ఎక్కువసేపు వస్తుంది.

విమానంలో మిషన్‌ను చేతి సంచీలోనే తీసుకెళ్లండి, లగేజీలో వేయకండి. నీళ్లు పూర్తిగా పారబోసి డబ్బా ఆరబెట్టండి. డాక్టరు చీటీ జిరాక్స్ సంచీలో ఉంచండి. రైల్లో ఛార్జింగ్ పాయింట్‌ను నమ్ముకోకండి, కొన్ని రైళ్లలో రాత్రిపూట వాటికి కరెంటు ఆపేస్తారు. ఒక్క రాత్రి ప్రయాణమైతే పక్కకి తిరిగి పడుకోండి, నిద్రమాత్రలూ మద్యమూ ముట్టకండి. తరచూ తిరిగేవాళ్లు మిషన్‌కి సరిపోయే బ్యాటరీ కొనుక్కోవడమే నయం. పెళ్లిళ్లకి వెళ్లినప్పుడు ఎక్స్‌టెన్షన్ బోర్డు మర్చిపోకండి, కళ్యాణమండపం గదుల్లో ప్లగ్గు ఎప్పుడూ మంచానికి అటువైపు గోడకే ఉంటుంది.

ఏ ఆపరేషన్‌కైనా ఆసుపత్రిలో చేరేటప్పుడు, అది కంటి శుక్లం ఆపరేషనైనా సరే, మత్తు ఇచ్చే డాక్టరుకి మీకు స్లీప్ ఆప్నియా ఉందని ముందే చెప్పండి. మిషన్, మాస్కు వెంట తీసుకెళ్లండి. సంచీ మీద మార్కర్‌తో మీ పేరు పెద్ద అక్షరాలతో రాయండి, మిషన్ ఎంత ఒత్తిడి మీద నడుస్తోందో కాగితం మీద రాసి లోపల పెట్టండి.